ఓట్స్ టిఫిన్: జిగురు లేకుండా, మీ నోటికి నచ్చేలా కుదుర్చుకోవడం ఎలా

ఓట్స్ ఎలా వండాలి అని అడిగేవాళ్ళు తక్కువ. "డాక్టరు తినమన్నారు, నాలుగు రోజులు తిన్నాను, ఇక నా వల్ల కాదు, ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. విజయనగరంలో మా వీధిలోనే, సగం వాడి రబ్బరుబ్యాండు వేసిన ఓట్స్ ప్యాకెట్టు అలమరలో మూలన పడున్న ఇళ్ళు నాలుగైదు చూశాను.

నాదీ అదే కథ. మొదటిసారి మరుగుతున్న పాలలో రెండు గుప్పెళ్ళు పోసి, ఫోన్ వస్తే మాట్లాడుతూ పెరట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి గిన్నెలో గరిటె నిలబడి ఉంది. మా అమ్మ ఆ గరిటె ఎత్తి వంచి చూసింది. ఓట్స్ జారలేదు. "ఏటిది? సినిమా పోస్టర్లంటించే మైదా లాగుంది" అంది.

ఆ తర్వాత చాలా గిన్నెలు పాడుచేసుకున్నాక తెలిసింది, నన్ను ఇబ్బంది పెట్టింది ఆ జిగురేనని. ఓట్స్‌కి సొంత రుచి తక్కువ. నోట్లో జారుగా ఉందా, పొడిపొడిగా ఉందా, పంటికి తగులుతోందా అన్న దాన్ని బట్టే నచ్చడం, నచ్చకపోవడం ఉంటుంది. అందుకే ఇక్కడ వంటకాల కంటే ముందు వేరే ప్రశ్నతో మొదలుపెడుతున్నాను.

1. ముందు మీ నోటి సంగతి తేల్చుకోండి

మీ ఇంట్లో పొద్దున్న ఏది పెడితే మారుమాట లేకుండా తినేస్తారు? దాన్ని బట్టి మీ రకం ఇది:

- చోడి (రాగి) అంబలి, గంజి ఇష్టమైతే: జారు రకం
- బొంబాయి రవ్వ ఉప్మా, పోపు పెట్టిన అటుకులు ఇష్టమైతే: పొడి రకం
- చద్దన్నం, పెరుగన్నం ఇష్టమైతే: చల్ల రకం
- దిబ్బరొట్టె, అట్టు ఇష్టమైతే: రొట్టె రకం
- పరమాన్నం, సేమ్యా పాయసం పొద్దున్నే తినగలిగితే: తీపి రకం

తీపి రకాన్ని కావాలనే చివర పెట్టాను. ప్యాకెట్టు మీద బొమ్మలో పాలు, తేనె, స్ట్రాబెర్రీలు ఉంటాయి కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. మన వైపు పొద్దున్నే ఉప్పూ కారం తగలాలి. పొద్దున్న తీపి అలవాటు లేనివాళ్ళు మూడో రోజుకే మొహం తిప్పేస్తారు. తప్పు ఓట్స్‌ది అనుకుంటారు.

2. ఏ ఓట్స్ కొనాలి

కొట్లో ఉండేవి ప్రధానంగా మూడు రకాలు.

స్టీల్ కట్: గింజని రెండు మూడు ముక్కలుగా కోసినవి. చూడ్డానికి గోధుమ నూకలా ఉంటాయి. మామూలు గిన్నెలో 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పంటికి బాగా తగులుతాయి. చిన్న కొట్లలో తక్కువగా కనిపిస్తాయి, ఎక్కువమంది ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు.

రోల్డ్: గింజకి ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నొక్కినవి. మందపాటి అటుకుల్లా విడివిడిగా, నిండుగా ఉంటాయి. 5 నుంచి 8 నిమిషాల్లో ఉడుకుతాయి.

ఇన్‌స్టంట్ లేదా క్విక్: ఇంకా సన్నగా నొక్కి, చిన్న ముక్కలు చేసినవి. రెండు మూడు నిమిషాల పని. త్వరగా ఉడికినట్టే త్వరగా ముద్దవుతాయి కూడా. "నాకు ఓట్స్ పడవు" అనేవాళ్ళని మీరు తిన్నవి ఏ రకం అని అడిగితే, చాలాసార్లు ఇవే.

మొదటిసారికి రోల్డ్ తీసుకోండి. జారు రకానికి మాత్రం క్విక్ కూడా పనికొస్తుంది. స్టీల్ కట్ తర్వాత చూసుకోవచ్చు.

కొట్లో నిలబడి చూసుకోవాల్సినవి:

- పదార్థాల వరసలో ఓట్స్ ఒక్కటే ఉందా
- తయారుచేసిన తేదీ ఎప్పటిది (ఎంత దగ్గరైతే అంత మంచిది)
- ప్యాకెట్టు ఊపి చూస్తే అడుగున పిండి ఎక్కువ పేరుకుందా
- చిన్న ప్యాకెట్టు ఉందా (కిలో మీద ఆఫర్ ఉన్నా మొదటిసారి వద్దు)

మసాలా ఓట్స్ సంగతి: నచ్చుతాయి, కాదనను. కానీ వెనక సోడియం అంకె చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే దాదాపు ఒక గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ కోసం ఓట్స్ మొదలుపెట్టి మసాలా ప్యాకెట్ల మీద పడటంలో అర్థం లేదు. ఆ మసాలా ఏదో మన పోపుల డబ్బాలోనే ఉంది.

3. వండే ముందు చేసుకోవాల్సినవి

కొలత. ఒక మనిషికి 40 గ్రాములు. 240 మిల్లీలీటర్ల కప్పుతో రోల్డ్ అయితే అరకప్పు, స్టీల్ కట్ అయితే పావుకప్పు. ఇంట్లో ఆ కప్పు లేకపోతే ఏదో ఒక స్టీలు గ్లాసుని నిర్ణయించుకుని రోజూ దాంతోనే కొలవండి. చేత్తో పోస్తే ఒకరోజు గంజి, ఒకరోజు ముద్ద అవుతుంది. ఏ రోజు ఎందుకు కుదిరిందో ఎప్పటికీ తెలియదు.

వేపడం. ఈ మొత్తంలో ఒక్క పనే చేయగలను అంటే ఇది చేయండి. మందపాటి మూకుడులో నూనె లేకుండా, సన్న సెగ మీద, 4 నుంచి 5 నిమిషాలు. గరిటెతో తిప్పుతూనే ఉండాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. మూడో నిమిషంలో గరిటె కింద చప్పుడు మారుతుంది, మెత్తటి సరసర పోయి గలగల వస్తుంది. అంచులు లేత గోధుమరంగుకి తిరుగుతాయి, వేపిన అటుకుల వాసన మొదలవుతుంది. అప్పుడే దించి పళ్ళెంలో పోసేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికి మాడి చేదెక్కుతాయి.

ఇలా వేపినవి నీళ్ళలో పడ్డాక తొందరగా పేస్టు కావు, రేకులు రేకులుగా నిలుస్తాయి. వారానికి సరిపడా ఒకేసారి వేపుకోవచ్చు.

కడగడం గురించి. కొందరు జిగురు పోవాలని రెండు మూడు నీళ్ళు కడిగి పిండుతారు. నేను చేయను. ఓట్స్‌లో జిగురుకి పెద్ద కారణం బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. కొలెస్ట్రాల్ తగ్గడానికి ఉపయోగపడేది కూడా అదే. రోజుకి 3 గ్రాములు అందితే మేలు అంటారు, 40 గ్రాముల ఓట్స్‌లో ఒకటిన్నర గ్రాముకి కాస్త పైన ఉంటుంది. కడిగిన నీళ్ళతో కొంత దాన్నీ పారబోసుకోవడం ఎందుకు? వేపుకుంటే సరిపోతుంది.

నిల్వ. శ్రీకాకుళం, విజయనగరం రెండూ సముద్రపు గాలి తగిలే ఊళ్ళు. తెరిచిన ప్యాకెట్టు నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది, వానాకాలంలో పురుగు పడుతుంది. పైగా ఓట్స్‌లో నూనె శాతం బియ్యం, గోధుమల కంటే ఎక్కువ, 7 శాతం దాకా ఉంటుంది. ఎండాకాలం వేడికి ఆ నూనె కనరెక్కి చేదొస్తుంది. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫ్రిజ్‌లోనే పెట్టండి.

4. అసలు వంట: ఈ వరస మార్చకండి

ఇది ఒక మనిషికి, వేపిన రోల్డ్ ఓట్స్‌తో. మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి.

1) కప్పు నీళ్ళు (ఓట్స్‌కి రెండింతలు) గిన్నెలో పెట్టి, చిటికెడు ఉప్పు ముందే వేయండి. చివర్లో వేస్తే ఉప్పు పైపైనే ఉండి లోపల చప్పగా ఉంటుంది. తీపి చేసుకునేవాళ్ళకీ ఈ చిటికెడు కావాలి.

2) నీళ్ళు బాగా మరిగాక ఓట్స్ పోయండి. ఒక్కసారి కలిపి సెగ తగ్గించండి.

3) ఇక ఊరికే కలపకండి. కలిపేకొద్దీ రేకులు నలిగి పిండి బయటికొస్తుంది, జిగురవుతుంది. నాలుగైదు నిమిషాల్లో రెండుసార్లు అడుగంటకుండా కదిపితే చాలు.

4) ఇంకా కాస్త నీళ్ళగా ఉందనిపించినప్పుడే స్టవ్ ఆపండి. మూతపెట్టి 2 నిమిషాలు వదిలేయండి. ఆ మిగిలిన నీరంతా పీల్చుకుంటుంది.

స్టవ్ మీదే సరిగ్గా కుదిరిందనుకున్నది పళ్ళెంలోకి వచ్చేసరికి ముద్దవుతుంది. ఈ ఒక్క సంగతి నాకు పట్టుబడటానికి నెల పట్టింది.

స్టీల్ కట్ అయితే ఒకటికి నాలుగింతల నీళ్ళు, సన్న సెగ మీద అరగంట. రాత్రే నానబెట్టుకుంటే సమయం బాగా తగ్గుతుంది.

5. మీ రకానికి తగ్గట్టు

పొడి రకం: ఓట్స్ ఉప్మా

ఎక్కువమంది చెడగొట్టేది దీన్నే, ఎందుకంటే రవ్వకి పోసినన్ని నీళ్ళు పోస్తారు. రవ్వ ఒకటికి మూడు తాగుతుంది. ఓట్స్‌కి ఉప్మాలో ఒకటికి ఒకటి మించకూడదు.

ఇద్దరికి ఒక కప్పు వేపిన రోల్డ్ ఓట్స్ తీసుకోండి. మూకుట్లో రెండు చెంచాల నూనె, ఆవాలు, సెనగపప్పు, మినప్పప్పు, గుప్పెడు వేరుశనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. తర్వాత ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం. క్యారెట్, బీన్స్ వేస్తే అవి పూర్తిగా మగ్గాలి, ఓట్స్ పడ్డాక కూర ఉడికే టైము ఉండదు.

ఇప్పుడు ఓట్స్ వేసి పోపంతా పట్టేలా కలపండి. వేరే గిన్నెలో ముప్పావు కప్పు నీళ్ళు ఉప్పు వేసి మరిగించి, మూడు విడతలుగా చిలకరించండి. ఒక విడత పీల్చుకున్నాకే రెండోది. మిగతా పావుకప్పు అవసరమైతేనే. మూతపెట్టి సన్న సెగ మీద 3 నిమిషాలు, ఆపాక నిమ్మరసం. గరిటె బోర్లించి అటూ ఇటూ తిరగేస్తూ కలపాలి, నొక్కకూడదు.

చేత్తో తీసుకుంటే రేకులు విడివిడిగా రాలాలి. ముద్దగా వచ్చిందంటే రేపు నీళ్ళు పావుకప్పు తగ్గించండి.

జారు రకం: ఓట్స్ అంబలి

ఇక్కడ వరస తిరగబడుతుంది. జారుగా, మెత్తగా కావాలి కాబట్టి ఓట్స్ చల్లటి నీళ్ళలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. వేపనక్కర్లేదు. ఒకటికి నాలుగింతల నీళ్ళు.

ఉత్త ఓట్స్ అంబలి నాకు బోసిగా అనిపిస్తుంది. సగం ఓట్స్, సగం చోడి పిండి అయితే మాత్రం మంచి జోడీ. రెండు చెంచాల చోడి పిండిని చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, ఉడుకుతున్న ఓట్స్‌లో పోసి మరో 5 నిమిషాలు ఉంచండి. ఈ రకంలో కలుపుతూనే ఉండాలి. దించి పూర్తిగా చల్లార్చాకే పలచటి మజ్జిగ పోయాలి. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగి తరకలు కడుతుంది. పక్కన పచ్చి ఉల్లిపాయ, మాగాయ ముక్క ఉంటే ఓట్స్ తింటున్నామన్న సంగతే గుర్తుండదు.

చల్ల రకం: పెరుగులో నానబెట్టినవి

రోల్డ్ ఓట్స్ మిల్లులోనే ఆవిరి పట్టినవి కాబట్టి పొయ్యి వెలిగించకుండా నానబెట్టి తినొచ్చు. 40 గ్రాముల ఓట్స్, చిన్న గిన్నెడు పెరుగు, పావు గ్లాసు నీళ్ళు, ఉప్పు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున్న ఆవాలు, కరివేపాకు, అల్లం ముక్కల పోపు పెట్టండి. దానిమ్మ గింజలో, సన్నగా తరిగిన దోసకాయో పైన.

చద్దన్నంలా గట్టు మీద వదిలేద్దాం అనుకోకండి. మే నెలలో మన ఉక్కకి తెల్లారేసరికి పెరుగు పుల్లబడి బుడగలొస్తుంది.

రొట్టె రకం

ఓట్స్‌ని మిక్సీలో పొడి చేసి, గ్లాసు దిబ్బరొట్టె పిండికి పావు గ్లాసు కలిపి, 15 నిమిషాలు నాననివ్వండి. గట్టిపడితే కాసిని నీళ్ళు. మిగతాదంతా మీరు ఎప్పుడూ వేసే పద్ధతే: మందపాటి మూకుడు, సన్న సెగ, మూత. పావు కంటే ఎక్కువ కలిపితే మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. మా అమ్మ ఓట్స్ పేరు చెబితే ఇప్పటికీ లేచిపోతుంది గానీ, ఈ రొట్టె రెండో ముక్క అడుగుతుంది.

తీపి రకం

నీళ్ళలో ముప్పాతిక ఉడికాక కాచిన పాలు పోయండి. మొదటి నుంచీ పాలలోనే ఉడికిస్తే అడుగంటుతుంది, గట్టిపడుతుంది. బెల్లం తురుము స్టవ్ ఆపి, రెండు నిమిషాలు ఆగి వేయండి. మరుగుతున్నప్పుడు వేస్తే పాలు విరిగిపోతాయి. అనకాపల్లి బెల్లం అయితే ఒక చెంచా చాలు, చక్కెరకి లేని వాసన వస్తుంది.

పైన పలాస జీడిపప్పు. గుండు పప్పే అక్కర్లేదు, ముక్క పప్పు తక్కువ ధరకి దొరుకుతుంది, నేతిలో వేపితే రుచిలో తేడా లేదు. మామిడిపళ్ళ కాలం కాకపోతే భీమాలి తాండ్ర చిన్న ముక్కలుగా కోసి వేయండి. వేడికి సగం కరిగి, సగం పంటికి తగులుతుంది. ఇది నా సొంత పిచ్చి, మీకు నచ్చకపోవచ్చు.

6. ఏడు రోజుల ప్రయోగం

ఒక్కరోజు తిని తేల్చేయకండి. అలాగని ప్రతిరోజూ అన్నీ మార్చినా లాభం లేదు. రోజుకి ఒక్క మార్పే.

- 1వ రోజు: మీ రకం, పైన చెప్పిన కొలతలతో, సగం పరిమాణమే (20 గ్రాములు)
- 2వ రోజు: అదే, నీళ్ళు మాత్రం కాస్త ఎక్కువ లేదా తక్కువ
- 3వ రోజు: నీళ్ళు కుదిరాయనుకుంటే ఉప్పు, పులుపు సరిచూడండి (నిమ్మరసం, మజ్జిగ)
- 4వ రోజు: పంటికి తగిలేది ఒకటి చేర్చండి: వేరుశనగపప్పు, జీడిపప్పు, వేపిన నువ్వులు
- 5వ రోజు: పరిమాణం 40 గ్రాములకి పెంచండి
- 6వ రోజు: రెండో ఇష్టమైన రకం ప్రయత్నించండి
- 7వ రోజు: ఆరింటిలో బాగా కుదిరింది మళ్ళీ

వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రెండు ముక్కలు రాసుకోండి: ఎన్ని నీళ్ళు, ఎలా ఉంది. నా క్యాలెండర్‌లో ఒక వారం మొదటి నాలుగు గడుల్లో "ముద్ద, ముద్ద, గంజి, ముద్ద" అనే ఉంది. ఐదో గడిలో "పర్లేదు" అని ఉంది.

7. తప్పులు, సర్దుబాట్లు

ముద్దయిపోయింది: ఇక కలపకండి. కాసిని వేడినీళ్ళు పోసి పలచన చేసి మజ్జిగతో అంబలిగా తాగేయండి. ఉప్మా ముద్దయితే బియ్యప్పిండి కలిపి పెనం మీద అట్టులా తట్టుకోవచ్చు.

చప్పగా ఉంది: ఉప్పు పెంచే ముందు పులుపు చూడండి. నాలుగు చుక్కల నిమ్మరసంతో సగం సమస్య తీరుతుంది.

చేదుగా ఉంది: వేపేటప్పుడు మాడి ఉండాలి, లేదా ప్యాకెట్టు పాతది. వేపని రేకు ఒకటి నమిలి చూడండి. అది కూడా చేదుగా, పాత నూనె వాసనతో ఉంటే డబ్బా మొత్తం పారేయాల్సిందే. ఏ పోపూ దాన్ని కాపాడదు.

పొంగి పొయ్యి పాడైంది: గిన్నె చిన్నది. ఓట్స్, నీళ్ళు కలిపి గిన్నెలో మూడో వంతు మించకూడదు.

గంటకే ఆకలేస్తోంది: 40 గ్రాముల ఓట్స్‌లో 150 కేలరీలు, 5 గ్రాముల ప్రోటీన్ అటూ ఇటూగా ఉంటాయి. పొలానికో, ఆఫీసుకో వెళ్ళే మనిషికి అది టిఫిన్ కాదు, టిఫిన్‌లో సగం. పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు వేరుశనగలో, ఒక గ్లాసు పాలో ఉండాలి.

కడుపు ఉబ్బరంగా ఉంది: పీచు ఒక్కసారిగా పెరిగింది. వారం పాటు సగం పరిమాణమే తినండి, మంచినీళ్ళు ఎక్కువ తాగండి.

8. ఎవరు ముందు డాక్టర్ని అడగాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు ఎక్కువ. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి ఫాస్ఫరస్, పొటాషియం లెక్క ఉంటుంది. ఓట్స్‌లో ఆ రెండూ ఉన్నాయి, పాలు, జీడిపప్పు చేరితే ఇంకా పెరుగుతాయి. ఆరోగ్యానికి మంచిదట కదా అని సొంతంగా మొదలుపెట్టకండి. మీ డాక్టర్ని, ఎంత తినొచ్చో అంకెతో సహా అడగండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇన్‌స్టంట్ మానేసి రోల్డ్, వీలైతే స్టీల్ కట్ తీసుకోండి. గింజ ఎంత సన్నగా నలిగితే అంత త్వరగా అరిగి షుగర్ పెరుగుతుంది. బెల్లం వేసినా తీపి తీపే.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకీ ఈ టిఫిన్‌కీ మధ్య డాక్టరు చెప్పిన ఎడం పాటించండి. సాధారణంగా అరగంట నుంచి గంట అంటారు.

9. పొద్దున్నే చూసుకునే చిన్న పట్టీ

- వేపిన ఓట్స్ డబ్బాలో ఉన్నాయా
- ఒకే గ్లాసుతో కొలిచారా
- నీళ్ళలో ఉప్పు ముందే పడిందా
- పెద్ద గిన్నె పెట్టారా
- కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపారా
- మూతపెట్టి రెండు నిమిషాలు ఆగారా
- ఫోన్ పక్క గదిలో ఉందా

10. ఏడో రోజుకీ నచ్చకపోతే

మిగిలిన ప్యాకెట్టుని పొడి చేసి డబ్బాలో పోయండి. పెసరట్టు పిండిలో రెండు చెంచాలు, పకోడీ పిండిలో కాస్త, పులుసు చిక్కబడటానికి అర చెంచా. నెలలో ఖర్చయిపోతుంది.

పొద్దున్నకి చోడి అంబలే తాగండి. పీచు అందులోనూ ఉంది, పైగా కాల్షియంలో ఓట్స్ దాని దరిదాపుల్లోకి కూడా రావు.